ఎక్స్‌పల్స్ 200 ఫోర్‌వీ, మూడేళ్ళ తర్వాత: ఎత్తు మధ్యలో ఇంజన్ ఆగిపోతే

ఈ హీరో బైకు కొన్న కొత్తలో ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాణ్ణి. ముందు 21 అంగుళాల చక్రం, కింద అంత ఖాళీ, కొండ దానంతటదే ఎక్కేస్తుందని. ఎక్కుతుంది, అబద్ధం కాదు. కానీ ఇప్పుడు నాకు ఈ బండి మీద ఉన్న ప్రేమంతా వేరే సంగతి గురించి. ఎక్కలేక ఆగిపోయినప్పుడు ఫస్ట్ గేరులో అది కొండని పట్టుకుని నిలబడే తీరు గురించి.

పాడేరు చుట్టుపక్కల కాఫీ తోటల్లో నా పని. వారానికి మూడు రోజులు తారు దిగి, గూడేలకి పోయే మట్టిదారుల్లోనే తిరుగుతాను. 2022 చివర్లో బండి కొన్నాను. మరుసటి ఏడు కాఫీ పళ్ళు కోసే రోజుల్లో, వంజంగి వైపు ఒక తోట దారిలో జరిగింది ఇది.

నిటారు ఎత్తు, మధ్యలో మలుపు, దారంతా వదులు రాళ్ళు. సెకండ్ గేరులో మొదలెట్టాను. మలుపు దగ్గర ఇంజన్ ఈడవలేకపోతుంటే ఫస్ట్‌కి మార్చబోయాను. ఆ అర క్షణంలోనే ఊపు పోయింది, ఇంజన్ ఆగింది. చెయ్యి అలవాటు కొద్దీ క్లచ్ నొక్కి, ముందు బ్రేకు బిగించింది. చక్రం తిరగడం ఆగింది కానీ బండి ఆగలేదు, రాళ్ళ మీద వెనక్కి జారుతూనే ఉంది. ఎత్తులో బరువంతా వెనక చక్రం మీదే ఉంటుంది, ముందు చక్రానికి పట్టేమీ మిగలదు. వెనక బ్రేకు నొక్కుదామంటే కుడికాలు నేల మీద ఉంది. నా ఎత్తు అయిదడుగుల అయిదు, ఆ కాలు తీస్తే పడతాను. వెనక పక్కన లోయ.

పై గట్టు మీద పళ్ళు కోస్తున్న పెద్దాయన అరిచాడు: "క్లచ్చు ఒగ్గేయ్ బాబూ, ఒగ్గేయ్!"

వదిలాను. ఒక్క కుదుపు. బండి అక్కడికక్కడే నిలబడిపోయింది. గేరు పడి ఉంది కాబట్టి ఆగిన ఇంజన్ వెనక చక్రాన్ని కదలనివ్వలేదు. ఆయన ఒకప్పుడు జీపు తోలినవాడట. కిందికి వచ్చి, ఆగిన బండిని వెనక్కి తిప్పడం కూడా చూపించాడు. హ్యాండిల్ ఒకవైపుకి తిప్పి, క్లచ్ కొంచెం నొక్కి అడుగు దూరం వెనక్కి జారనివ్వడం, వెంటనే వదలడం, మళ్ళీ నొక్కడం. బండి దారికి అడ్డంగా వచ్చేదాకా ఇలాగే. ఒంటి బరువు మాత్రం ఎప్పుడూ కొండ వైపే ఉండాలి. పడినా ఆ వైపే పడాలి, దిగువకి వాలితే మనం దాని కింద ఉంటాం.

అప్పటినుంచి ఎత్తు కిందే గేరు తేల్చుకుంటాను, మధ్యలో మార్చను. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, ఛాతీ హ్యాండిల్ మీదికి వంచి, కళ్ళు పైన దారి చివర పెట్టి ఒకే ఊపున పోతాను. దిగేటప్పుడు ఫస్ట్ గేరు, నడుము వెనక్కి, క్లచ్ జోలికి వెళ్ళను. వెనక బ్రేకు మెల్లగా, ముందు బ్రేకు మీద ఒక్క వేలు. ఇంజనే సగం ఆపుతుంది.

ఇది తెలిశాక కొన్నాళ్ళు, గేరు ఒక్కటి చాలు, బ్రేకులతో పనిలేదని స్నేహితులకి చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వానకి తడిసిన ఎర్రమట్టి మీద గేరులో నిలిచిన చక్రమే సబ్బు మీద జారినట్టు జారుతుంది. వెనక మనిషినో మూటనో ఎక్కించుకుంటే నమ్మకం ఇంకా తక్కువ. జూలై నుంచి అక్టోబరు దాకా ఆ తోటకి నేను నడిచే వెళ్తాను.

మరి కొత్తవాళ్ళు కొనొచ్చా? నాకు రోజూ ఇవే దారులు, పడితే లేపడానికి తోటలో నలుగురుంటారు. దాదాపు 160 కిలోల బండిని వాలులో ఒక్కణ్ణే లేపడం నావల్ల ఇప్పటికీ కాదు. నెలకోసారి సరదాకి, అదీ ఒంటరిగా వచ్చేవాళ్ళకి నేను గట్టిగా చెప్పలేను. కొన్నవాళ్ళు మాత్రం ముందు ఊళ్ళోనే ఏదైనా చిన్న గట్టు ఎక్కి, కావాలనే ఇంజన్ ఆపి, క్లచ్ వదిలి చూడండి. నేను ఇప్పటికీ వానాకాలం పోయాక మొదటి వారం అదే చేస్తాను.