సీజీసీ కేసు రివ్యూ: సీలు చెక్కుచెదరలేదు సరే, లోపలున్నది ఆ పుస్తకమేనా?

గ్రేడ్ చేసిన కామిక్‌కి (అంటే పుస్తకం స్థితిని బట్టి పదికి మార్కులేసి, కేసులో సీలు చేసిన కామిక్‌కి) డబ్బు పెట్టేవాళ్లు కొనేది పుస్తకాన్ని కాదు, లేబుల్ మీద అంకెని. 9.4కి, 9.8కి తేడా చాలామంది కళ్లకు ఆనదు, ధర దగ్గర మాత్రం బాగా ఆనుతుంది. ఆ అంకెకీ లోపలి పుస్తకానికీ ఉన్న లంకె ఒక ప్లాస్టిక్ కేసు. 2000లో కామిక్స్ గ్రేడింగ్ మొదలుపెట్టిన సీజీసీ అనే సంస్థ కేసు మార్కెట్లో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఈ రివ్యూ దాని మీదే. పుస్తకాన్ని కాపాడటంలో ఈ కేసుకి మంచి మార్కులే వేయొచ్చు. ఎవరైనా తెరిచి మూస్తే ఆ సంగతి బయటపెట్టడంలో మాత్రం పాసు మార్కులు కూడా కష్టమే.

2023 చివర్లో, 2024 మొదట్లో బయటపడ్డ వ్యవహారం దీనికి సాక్ష్యం. ఖరీదైన హై గ్రేడ్ పుస్తకాన్ని కేసులోంచి పైకి తెలియకుండా తీసేసి, దాని స్థానంలో అదే సంచిక తక్కువ గ్రేడ్ కాపీని పెట్టారు. తర్వాత ఆ కేసుని రీహోల్డర్ సర్వీసుకి పంపారు. గీతలు పడ్డ, పగిలిన కేసులకు బదులు కొత్తవి ఇచ్చే సర్వీసు అది. పుస్తకం కొత్త కేసులో, పాత గ్రేడుతో తిరిగొచ్చింది. మోసం పనంతా పాత కేసు మీద జరిగింది, ఆ పాత కేసు చెత్తబుట్టలోకి పోయింది. కొనేవాడి చేతికొచ్చింది సంస్థ స్వయంగా సీలు వేసిన, మచ్చలేని కేసు. అనుమానించాల్సిన పుస్తకాల జాబితాని సీజీసీయే తర్వాత విడుదల చేసింది.

అందుకే తనిఖీలో రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయి: ఈ కేసుని ఎవరైనా తెరిచారా? గ్రేడ్ ఇచ్చిన రోజు ఉన్న పుస్తకమే ఇప్పుడూ ఉందా? మొదటిదానికి 'లేదు' అని జవాబు వచ్చిందని రెండోదాన్ని వదిలేస్తే లాభం లేదు.

ముందు కేసు సంగతి. పుస్తకం పారదర్శకమైన పల్చటి లోపలి తొడుగులో, అంటే ఇన్నర్ వెల్‌లో ఉంటుంది. ఆ వెల్, పైన లేబుల్ కలిపి గట్టి ప్లాస్టిక్ రెండు పలకల మధ్య ఉంటాయి. పలకలు అంచుల దగ్గర కొన్ని చోట్ల మాత్రమే వెల్డ్ అయి ఉంటాయి, చుట్టూరా అతుకు ఉండదు. ఈ ఖాళీలే అటు మోసగాడికీ ఇటు తనిఖీ చేసేవాడికీ దారి.

చూడటానికి ఒక చిన్న ఎల్‌ఈడీ టార్చి, పది రెట్ల భూతద్దం చాలు. గదిలో లైట్లు ఆర్పి, టార్చిని కేసు అంచుకి దాదాపు సమాంతరంగా పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిప్పాలి. పై నుంచి నేరుగా వెలుతురు కొడితే ఏమీ కనిపించదు. వెతకాల్సింది తెల్లబారిన చోట్ల కోసం. గట్టి ప్లాస్టిక్‌ని సన్నని పనిముట్టుతో ఎత్తితే అక్కడ పాలరంగు మచ్చ పడుతుంది, దాన్ని ఎంత తుడిచినా పోదు. రవాణాలో దెబ్బ తగిలితే మూలలు పగులుతాయి, అది మామూలే. పొడవాటి అంచు మధ్యలో, ఒకే ఎత్తులో, రెండు మూడు చోట్ల ఒకే రకం నొక్కులు కనిపిస్తే మాత్రం అవి కింద పడటం వల్ల వచ్చినవి కావు. మూల కడ్డీ విరిగి ఉండీ ఆ మూల గట్టిగా అతుక్కుని ఉంటే మరీ అనుమానించాలి. విరిగినది దానంతటది అతుక్కోదు.

జిగురు గుర్తులు రకరకాలుగా ఉంటాయి. సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లటి మంచులా పేరుకుంటుంది. ప్లాస్టిక్ సిమెంట్ అసలు జిగురే కాదు, ప్లాస్టిక్‌ని కరిగించి కలిపేస్తుంది. అందుకని చుక్కలు కనిపించవు, అతుకు దగ్గర సన్నటి మసక, వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. యూవీ టార్చి కొనేవాళ్లు 365 నానోమీటర్లది కొనాలి. చవగ్గా దొరికే 395 రకం ఊదా వెలుతురుని అంతటా చిమ్మి అసలు మెరుపుని ముంచేస్తుంది. కొన్ని ఎపాక్సీలు, యూవీ జిగుర్లు ఆ వెలుతురులో నీలంగా మెరుస్తాయి. ప్లాస్టిక్ సిమెంట్ మెరవదు. కాబట్టి మెరుపు కనిపిస్తే పట్టించుకోవాలి, కనిపించలేదని నిశ్చింతగా ఉండకూడదు. మరకేదో ఉందని అసిటోన్‌తో తుడవడం మాత్రం ఎప్పుడూ వద్దు. ప్లాస్టిక్ అక్కడికక్కడే మసకబారి ఉన్న సాక్ష్యం కూడా పోతుంది, పైగా మసక చేసింది మీరేనని అమ్మినవాడు అంటే కాదనలేరు.

కాగితం పట్టీ పరీక్ష గురించి చాలామంది చెబుతుంటారు. మామూలు ప్రింటర్ కాగితాన్ని సన్నగా కోసి అంచు సందులో నడిపించడం. వెల్డ్ లేని చోట్ల ఫ్యాక్టరీ కేసులోనూ కాగితం దూరుతుంది, దాంతో ఏదీ తేలదు. అదే తరానికి చెందిన (అంటే అదే డిజైన్ ఉన్న), అనుమానం లేని ఇంకో కేసుని పక్కన పెట్టుకుని రెండింటిలో కాగితం ఎక్కడెక్కడ ఆగుతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటేనే ఉపయోగం. ఒకదానిలో ఆగిన చోట రెండోదానిలో జారిపోతుంటే అక్కడ వెల్డ్ తెగినట్టు. పాత తరం కేసుని కొత్త తరంతో పోల్చకండి, అతుకు స్థానాలే వేరు.

ఇన్నర్ వెల్ అంచుల్ని కూడా భూతద్దంతో చూడాలి. ఫ్యాక్టరీ సీలు వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది. కోసి మళ్లీ అంటించినచోట సీలు వంకరపోతుంది, లేదా పాత గీత పక్కన ఇంకో గీత కనిపిస్తుంది. గట్టి పలక లోపలి వైపు వేలిముద్ర, లేబుల్ కింద వెంట్రుక, ఒక పక్కకి ఒరిగిన లేబుల్... ఇవేవీ విడిగా నేరాన్ని నిరూపించవు, పైవాటితో కలిస్తే మాత్రం బరువెక్కుతాయి. దుమ్ము కణాల్ని చూసి కంగారు పడొద్దు, ఈ ప్లాస్టిక్ స్థిర విద్యుత్తుతో దుమ్ముని లాక్కుంటుంది.

కొత్తవాళ్లని అనవసరంగా భయపెట్టే ఇంకో సంగతి ఇంద్రధనుస్సు చారలు. నీళ్లమీద నూనె తేలినట్టు కేసు లోపల రంగుల వలయాలు కనిపిస్తాయి. రెండు ప్లాస్టిక్ పొరలు మరీ దగ్గరగా ఆనుకున్నచోట వచ్చే న్యూటన్ వలయాలివి. 2016లో వచ్చిన కేసు మొదట్లో వీటివల్లే చాలా తిట్లు తింది. చూడటానికి చిరాకే, ట్యాంపరింగ్‌కి మాత్రం సంబంధం లేదు.

ఇక సర్టిఫికేషన్ నంబరు. సీజీసీ సైట్లో నంబరు కొడితే సంచిక, గ్రేడ్, లేబుల్ రకం, గ్రేడ్ ఇచ్చిన తేదీ వస్తాయి. కొన్నిటికి గ్రేడర్ నోట్స్ (గ్రేడ్ ఇచ్చినవాళ్లు రాసుకున్న లోపాల వివరాలు), ఫొటోలు కూడా ఉంటాయి. సర్వీసు వేగంగా ఉంది, వాడటం తేలిక. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, అదే పొరపాటు. నంబరు సరిపోయిందంటే ఆ లేబుల్ ఒకప్పుడు నిజంగా ఇచ్చారని మాత్రమే అర్థం. అసలు లేబుల్ కిందే వేరే పుస్తకం పెట్టే మోసంలో నంబరు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. తేదీని మాత్రం కేసుతో పోల్చి చూడండి. గ్రేడ్ తేదీ ఎప్పటిదో అయి, కేసు కొత్త తరానిది అయితే మధ్యలో రీహోల్డర్ జరిగింది. తప్పేమీ కాదు, నిజాయితీపరులూ చేయించుకుంటారు. కానీ అలాంటి పుస్తకానికి కేసు తనిఖీ దండగ, సరాసరి పుస్తకం పోలికకి వెళ్లిపోవాలి. గ్రేడర్ నోట్స్‌లో 'వెనక కవర్ కింద ఎడమ మూల కొద్దిగా నలిగింది' అని ఉండి, ఆ మూల ఇప్పుడు నున్నగా ఉంటే, పుస్తకాన్ని మెరుగుపరిచి తిరిగి పంపి ఉండాలి లేదా పుస్తకమే మారి ఉండాలి. మొదటిదైతే గ్రేడ్ తేదీ కూడా మారాలి కదా.

అసలు పని పోలికలో ఉంది. హెరిటేజ్ లాంటి వేలం సంస్థలు అమ్మిన పుస్తకాల పెద్ద స్కాన్లు ఏళ్ల తరబడి తమ సైట్లో ఉంచుతాయి. సర్టిఫికేషన్ నంబరుతో వెతికితే చాలాసార్లు పాత బొమ్మ దొరుకుతుంది. దాన్ని ఇప్పటి పుస్తకంతో పోల్చాలి. ఒకే ప్రెస్సులో ఒకే రోజు అచ్చయిన రెండు కాపీలు కూడా ఒకేలా ఉండవు. కత్తిరింపు అర మిల్లీమీటరు అటూ ఇటూ పడుతుంది, కాబట్టి ధర పెట్టె నుంచి అంచుకి ఉన్న దూరం మారుతుంది. కవర్ మడత పడే చోటు జరుగుతుంది, దాంతో వెన్ను పక్కన తెల్ల గీత ఒక కాపీలో సన్నగా, ఇంకోదానిలో లావుగా వస్తుంది. పిన్నులు బొమ్మలో ఏ గీత దగ్గర గుచ్చుకున్నాయి, ఎంత వంకరగా ఉన్నాయి అన్నవి ముందు చూడాల్సినవి. 1960లు, 70ల కాపీలకైతే పై అంచున పంపిణీదారులు చల్లిన రంగు, దుకాణంవాళ్లు వేసిన తేదీ ముద్ర, పెన్సిల్ రాత అదనంగా దొరుకుతాయి. నాలుగు రంగుల అచ్చులో ఒక రంగు పక్కకి జరిగితే అక్షరాల చుట్టూ వచ్చే నీడ అంచు కూడా అలాంటిదే.

దేన్ని నమ్మకూడదో కూడా తెలియాలి. ప్రెస్ చేయించిన (వేడి, ఒత్తిడితో చదును చేయించిన) పుస్తకంలో రంగు చిట్లని ముడతలు, అలలు, చిన్న నొక్కులు మాయమవుతాయి. కాబట్టి 'ఈ ముడత అప్పుడు ఉంది, ఇప్పుడు లేదు' అన్నది గట్టి ఆధారం కాదు. రంగు చిట్లిన ముడత, పిన్ను చోటు, కత్తిరింపు, అచ్చు తేడా ప్రెస్సుతో మారవు. ఫొటోల్లో రంగు ముదురు లేత అన్నదీ లెక్కలోకి రాదు, అది కెమెరా పని.

పోలికకి ఫోను ఫొటో సరిపోదు. కోణం కొద్దిగా మారినా కొలతలు తప్పుతాయి. ఫ్లాట్‌బెడ్ స్కానర్ కావాలి, అందులోనూ సీసీడీ రకం, ఎప్సన్ వీ600 లాంటిది. పల్చగా, తేలికగా ఉండే సీఐఎస్ స్కానర్లు అద్దానికి ఆనిన కాగితాన్నే స్పష్టంగా చూస్తాయి. కేసు మందం వల్ల పుస్తకం అద్దానికి కొన్ని మిల్లీమీటర్ల పైన ఉంటుంది, అందుకని బొమ్మ మసకగా వస్తుంది. ఇది తెలియక స్కానరే పాడైందనుకుంటారు. కేసు దాదాపు 13 అంగుళాల పొడవు, ఏ4 అద్దం 12 కూడా లేదు. లేబుల్ వైపు బయటికి వదిలేసి పుస్తకం మొత్తం అద్దం మీదకి వచ్చేలా పెట్టి, మూత పడదు కాబట్టి పైన నల్లగుడ్డ కప్పి, 600 డీపీఐలో ముందూ వెనకా స్కాన్ చేయాలి. ఆ బొమ్మనీ పాత వేలం బొమ్మనీ ఏదైనా ఎడిటర్లో రెండు పొరలుగా పెట్టండి. టైటిల్ మొదటి అక్షరం మూల, కింద కుడివైపు ఏదైనా ఒక చుక్క, ఈ రెండూ కలిసేదాకా పై పొరని జరిపి, సైజు సరిచేయాలి. ఇప్పుడు పై పొరని ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటే, ఒకే పుస్తకం అయితే అంచులూ పిన్నులూ కదలవు. వేరేదైతే బొమ్మ నిలబడి, అంచు మాత్రం గెంతుతుంది. వెనక కవర్ని వదిలిపెట్టొద్దు. దాన్ని స్కాన్ చేసి పెట్టేవాళ్లు తక్కువ, అందుకే మోసం చేసేవాళ్లూ దాని పోలిక గురించి అంతగా పట్టించుకోరు.

ఇంత చేసినా కేసు దాచేసేది ఒకటుంది, లోపలి పేజీలు. 1974 నవంబరు నాటి ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 దీనికి పాఠం లాంటిది. వుల్వరిన్ పాత్ర మొదటిసారి పూర్తిస్థాయిలో కనిపించిన ఆ సంచికలో ఉత్తరాల పేజీ మీద మార్వెల్ వాల్యూ స్టాంపు ఉంటుంది. అప్పట్లో పిల్లలు దాన్ని కత్తిరించుకున్నారు. స్టాంపు లేని కాపీ విలువ బాగా పడిపోతుంది, సీజీసీ దానికి ఆకుపచ్చ క్వాలిఫైడ్ లేబుల్ ఇస్తుంది. కేసు తెరవకుండా స్టాంపు ఉందో లేదో చూడలేం. కాబట్టి నీలం లేబుల్ (అలాంటి లోపం లేదని చెప్పే మామూలు లేబుల్) హల్క్ 181కి కవర్ పోలిక ఒక్కటే దిక్కు. మార్క్ జ్యూయలర్స్ అనే నగల సంస్థ ప్రకటన అట్ట (ఇన్సర్ట్) లోపల ఉన్న కాపీలు కాస్త నయం. ఆ అట్ట మామూలు న్యూస్‌ప్రింట్ కన్నా మందంగా, తెల్లగా ఉంటుంది. పేజీల అంచుని టార్చితో పక్కనుంచి చూస్తే పొరల మధ్య వేరుగా తెలిసే అవకాశం ఉంది. లేబుల్ మీద ఇన్సర్ట్ ఉందని రాసి, అంచులో దాని జాడే లేకపోతే అక్కడ ఆగి ఆలోచించాలి.

తేడా దొరికితే కేసుని మీరు తెరవకండి. తెరిచారంటే ఎవరు మార్చారన్న వాదనలో మీరూ ఒక అనుమానితులే. పార్సెల్ విప్పేటప్పటి నుంచి ఆపకుండా, నంబరు కనిపించేలా వీడియో తీసి ఉంటే, ఖరీదైన పుస్తకాలకి ఆ ఒక్క ఫైలే చాలా పని చేస్తుంది. ఈబేలో కొన్నది అయితే మనీ బ్యాక్ గ్యారంటీ గడువు, డెలివరీ అయిన తేదీ (లేదా డెలివరీ అంచనా తేదీల్లో చివరిది) నుంచి 30 రోజులు. స్కాన్ పోలిక ఆ గడువు లోపలే పూర్తి చేసి, రెండు బొమ్మల్నీ పక్కపక్కనే పెట్టి, పిన్ను దగ్గర గుండ్రంగా గీత గీసి ఫిర్యాదుకి జతచేయండి. అదే ఫైలు సీజీసీకీ పంపండి. పాత స్కాన్ ఎక్కడా దొరకని పుస్తకం అయితే, కొనకముందే అమ్మేవాడిని రెండు వైపులా 600 డీపీఐ స్కాన్ అడగండి. ఇవ్వనన్న వాడి దగ్గర 9.8 కన్నా, అడగ్గానే ఇచ్చినవాడి దగ్గర 9.4 మంచి బేరం.