జింకల వేటగాళ్ల లిక్విడ్‌తో పిట్టల జాకెట్ ఉతికితే

అమెరికాలో జింకల వేటకు వెళ్లేవాళ్ల కోసం తయారయ్యే, వాసన లేని వాషింగ్ లిక్విడ్ ఇది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నేరం. నాది పిట్టల ఫొటోల పిచ్చి. బెంగళూరు దగ్గరి హెసరఘట్ట గడ్డి మైదానంలో బోర్లా పడుకునేటప్పుడు వేసుకునే, చెట్టూచేమల్లో కలిసిపోయే రంగుల కామో జాకెట్ కోసమని డాలస్ నుంచి మా బావ తెచ్చిచ్చాడు.

వాసన రాకపోవడం వేటగాళ్లకు ముఖ్యమేమో గానీ నాకు పట్టదు. నచ్చిందల్లా ఇందులో బ్రైట్‌నర్లు లేకపోవడం. మామూలు పౌడర్లలో తెల్లదనం కోసం కలిపే ఆ రసాయనాలు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వెలుగుతాయి. జింకలకు నీలం బాగా ఆనుతుంది. చాలా పక్షులకైతే అతినీలలోహితమూ కనిపిస్తుంది. ఒక రాత్రి బాత్రూంలో లైటు ఆర్పి, దొంగనోట్లు పట్టే యూవీ టార్చి వేసి చూశాను. పౌడర్‌తో ఉతికిన ప్యాంటు ట్యూబ్‌లైట్‌లా నీలంగా వెలిగింది. జాకెట్ మాత్రం నల్లగా ఉండిపోయింది, కాలర్ లోపలి తెల్ల లేబుల్ తప్ప. అప్పటినుంచి ప్యాంటూ దీంతోనే ఉతుకుతున్నా, ఆ వెలుగు తగ్గిందే కానీ పోలేదు.

అసలు గొడవ లాండ్రీతో వచ్చింది. నేను ఊళ్లో లేనప్పుడు ఇంట్లోవాళ్లు జాకెట్ అక్కడికి పంపారు. వాళ్లు బట్టలు మెత్తబరిచే కంఫర్ట్ లాంటిదేదో దండిగా పోసినట్టున్నారు, గుప్పుమని మల్లెపూల వాసన! వాసన పోనీలే అనుకుంటే, నీళ్లు దిగనివ్వని పూత ఉన్న జాకెట్ కాస్తా నంది కొండ మీద చిన్న తుంపరకే లోపలి బనియన్ దాకా తడిసింది. మంచి జాకెట్ పోయిందని ఒళ్లు మండిపోయింది. ఈ లిక్విడ్‌తో మళ్లీ ఉతికి, రెండుసార్లు జాడించి, ఆరాక లేబుల్ చూసుకుని, పైన నూలు గుడ్డ పరిచి తక్కువ వేడిలో ఇస్త్రీ చేశాను. ఆవిరి పెట్టలేదు. నీళ్లు చిలకరిస్తే బొట్లు బొట్లుగా జారిపోయాయి! పనిమాలా పిలిచి ఇంట్లో అందరికీ చూపించాను. కెమెరా బ్యాగు పట్టీ ఒరుసుకునే చోట మాత్రం ఇంకా తడి దిగుతోంది. అక్కడ పూత అరిగిపోయినట్టుంది.

ఎర్రమట్టి మరకలు దీనికి లొంగవు. వేసవిలో ట్యాంకర్ నీళ్లతో ఉతికితే తెల్ల చారలు మిగులుతున్నాయి, కుళాయిలో వచ్చే కావేరి నీళ్లకు ఆ బాధ లేదు. పిట్టలు దగ్గరికొచ్చాయా అంటే, నేను కదలకుండా పడుకున్న రోజున వచ్చాయి. రంగనతిట్టు పక్షుల అభయారణ్యంలో పడవెక్కి ఫొటోలు తీసేవాళ్లకు ఇది దండగ. బావ మళ్లీ వస్తే ఇంకో డబ్బా తెమ్మంటాను. కొరియర్ ఖర్చు పెట్టుకుని తెప్పించుకోవాలంటే మాత్రం ఆలోచిస్తాను.