‘సాయంకాల ప్రశాంత సంగీతం’ పెట్టెలు కొనేవారికి హెచ్చరిక

పాటలు ముందే నింపి అమ్మే చిన్న స్పీకరు పెట్టె కొనాలనుకుంటున్నారా? ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే, డబ్బు ఇచ్చేముందు దయచేసి ఇది చదవండి.

ఒంగోలులో ఒక ఎగ్జిబిషన్ స్టాలులో మా నాన్నగారి కోసం 2,400 రూపాయలకు అలాంటి పెట్టె తీసుకున్నాను. ‘విలంబ కాల శాస్త్రీయ సంగీతం, 1,000 గంటలు’ అని అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉంది. విలంబం అంటే నెమ్మది నడక. దీపాలు పెట్టిన వేళ నుంచి భోజనం దాకా కర్ణాటక సంగీతం వినడం నాన్నగారికి ఏళ్లనాటి అలవాటు. స్టాలులో వినిపించిన వీణ ఆలాపన చక్కగా ఉంది. ఆ పెట్టెలో సరిగ్గా ఉన్నది అదొక్కటేనని ఇంటికి తెచ్చాక తెలిసింది.

మిగతావి మామూలు మధ్యమకాల, అంటే మధ్యస్థ వేగపు, కచేరీల రికార్డులు. వాటి వేగాన్ని కంప్యూటరులో తగ్గించి ‘విలంబం’ అని పేరు తగిలించారు. ఇది ఎంత అన్యాయమో సంగీతం వినేవారికి చెప్పనక్కరలేదు. కొత్తగా వినబోయేవారి కోసం చెబుతున్నాను. చౌకకాలంలో, అంటే ఆ విలంబ నడకలోనే, స్వరానికీ స్వరానికీ నడుమ దొరికే చోటును గాయకుడు గమకంతో, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే తీరుతో, నింపుతాడు. శ్యామశాస్త్రి భైరవి రాగ స్వరజతి, క్షేత్రయ్య పదాలు లాంటి రచనలు ఆ నడకలోనే పుట్టాయి. వేగంగా పాడినదాన్ని యంత్రం సాగదీస్తే ఆ చోటు ఖాళీగా మిగిలిపోతుంది, గమకం వేలాడుతుంది. పైగా రికార్డు వేగం తగ్గితే శ్రుతి, అంటే స్వరస్థాయి, కూడా దిగుతుంది. నాలుగింట మూడు వంతులకు తగ్గించారంటే షడ్జం (స) మంద్ర పంచమానికి, అంటే కింది స్థాయి ‘ప’కు, జారినట్టే. పై స్థాయి అయిన ఐదు శ్రుతిలో పాడిన గాయని కింది స్థాయి అయిన రెండు శ్రుతిలో, మగగొంతుతో వినిపిస్తుంది. శ్రుతి మారకుండా సాగదీసే పద్ధతులూ ఉన్నాయి. అప్పుడు మృదంగం పట్టిస్తుంది: దెబ్బ పదునుగా పడదు, చెదిరినట్టు, రెండుసార్లు మోగినట్టు ఉంటుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది నాదస్వరం విభాగం. దాని మీద షేక్ చిన మౌలానా పేరు వేశారు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న నాదస్వర విద్వాంసుడు ఆయన. ఆయన సొంత జిల్లాలో, ఆయన పేరు మీద అమ్మినది కీబోర్డు మీద వాయించిన నాదస్వరం గొంతు, దానికి తోడు వాన చప్పుడు. డోలు లేదు, ఆధార స్వరం పట్టే శ్రుతి ఒత్తు లేదు, వాద్యకారుడు ఊపిరి తీసుకునే చోటు ఒక్కటీ లేదు.

కొనేముందు మోసాన్ని పసిగట్టడానికి ఒక చిన్న లెక్క చాలు. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) నాణ్యతలో ఎంపీ3 పాట నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, అంటే గంటకు 58 ఎంబీ దాకా పడుతుంది. 1,000 గంటలకు 58 జీబీ కావాలి. నాకు అమ్మిన పెట్టెలో ఉన్నది 8 జీబీ కార్డు. అందులో ఆ నాణ్యతతో 140 గంటలు కూడా పట్టవు. అవే ఫైళ్లు మళ్లీ మళ్లీ వేరే పేర్లతో ఉన్నాయి, మిగిలినవి నాణ్యత బాగా తగ్గించినవి. అలా కుదిస్తే తంబురా నాదంలోని ఆ సన్నని మెరుపు మొదట పోతుంది. ప్రశాంతత కోసం వినేవారికి కావలసిందే అది.

కాబట్టి అమ్మేవాడు వినిపించే పాటతో సరిపెట్టుకోకండి. మధ్యలో ఏదో ఒక సంఖ్య మీరే నొక్కి, ఐదు నిమిషాలైనా వినండి. కార్డు బయటికి వస్తుందా, ఎన్ని జీబీలు అని అడగండి. కళాకారుల పేర్లు, రికార్డింగు హక్కులు ఎవరివో అట్ట మీద లేకపోతే పక్కన పెట్టేయండి. చిరునామా, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు ఇవ్వనివారి దగ్గర అసలు కొనవద్దు. నాకు ఇచ్చింది ఫోను నంబరు మాత్రమే రాసిన తెల్లచీటీ.

ఆ నంబరుకు ఫోను చేస్తే, అమ్మినవాడు “శాస్త్రీయ సంగీతం అంతే సార్, అలాగే సాగుతుంది” అన్నాడు. డబ్బు పోయినదానికన్నా ఈ మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మొదటిసారి వినే పిల్లవాడు ఆ సాగుడే మన సంగీతమని నమ్మి, మళ్లీ దాని జోలికి రాకపోతే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

మంచి సంగీతం ఖర్చు లేకుండా కూడా దొరుకుతుంది. ఆకాశవాణి వారి రాగం చానెల్ 2016లో మొదలైంది. శాస్త్రీయ సంగీతానికే కేటాయించిన ఆ చానెల్‌ను న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో పెట్టి, నాన్నగారి ఫోనును మామూలు స్పీకరుకు కలిపాను. ఇప్పుడు ఆయన అదే వింటున్నారు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. కావలిలో మా బంధువులకూ ఇదే పెట్టె అంటగట్టారు. మీరూ కొని ఉంటే అట్ట, చీటీ, చెల్లింపు వివరాలు పారేయకండి. ఒకే రకంగా నష్టపోయినవారంతా జిల్లా వినియోగదారుల కమిషన్ అనుమతితో ఉమ్మడిగా ఒకే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. కలిసి వచ్చేవారు ముందుకు వస్తే కాగితాలు సిద్ధం చేసే పని నేను చూసుకుంటాను.