రెస్టారెంట్ ఫ్రాంచైజీ తీసుకునేవారికి హెచ్చరిక: వివాదాల షరతు చదవకుండా సంతకం చేయకండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్లలో హైదరాబాదు హోటళ్ల పేరుతో ఫ్రాంచైజీ తీసుకోవాలనుకుంటున్న మన తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. నేను ఒక బిర్యానీ సంస్థకు 9 లక్షల రూపాయల రుసుము కట్టి బరంపురంలో దుకాణం తెరిచాను. మసాలా ముద్ద వారి దగ్గరే కొనాలన్నది ఒప్పందం. మూడో నెల నుంచి సరుకు ఆలస్యమైంది. వచ్చిన ప్యాకెట్లు కూడా అతుకు ఊడి, నూనె కారి, అట్టపెట్టె అడుగంతా తడిసిపోయి ఉండేవి. ఫోటోలు పంపినా జవాబు లేదు, రాయల్టీ మాత్రం నెలనెలా కట్టించుకున్నారు.

దుకాణం ఇక్కడే, నష్టం ఇక్కడే కాబట్టి దావా కూడా ఇక్కడే నడుస్తుందని నమ్మి బరంపురం కోర్టుకు వెళ్లాను. సంస్థవారు 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం సెక్షన్ 8 కింద దరఖాస్తు వేయగానే, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు, అంటే కోర్టు బదులు మధ్యవర్తే తీర్పు చెప్పాలన్న షరతు, ఉన్నందున కోర్టు మమ్మల్ని అటే పంపింది. వివాదమేదైనా సంస్థ నియమించే ఏకైక మధ్యవర్తే తేల్చాలనీ, మధ్యవర్తిత్వ స్థానం హైదరాబాదు అనీ అందులో ఉంది. రుసుము, రాయల్టీ ఉన్న పేజీలను మూడేసి సార్లు చదివిన నేను ఈ రెండు వాక్యాలను చూసీ చూడనట్టు దాటేశాను.

‘స్థానం’ అంటే కేవలం విచారణ జరిగే గది అనుకోకండి. స్థానంగా రాసిన ఊరి కోర్టులకే అధికారమంతా ఉంటుందని, వ్యవహారం అక్కడ జరగకపోయినా సరేనని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. అందువల్ల మధ్యవర్తిని నియమించమని అడగాలంటే నేను వెళ్లవలసింది కటక్‌లోని హైకోర్టుకు కాదు, తెలంగాణ హైకోర్టుకు. రేపు మధ్యవర్తి తీర్పు నచ్చకపోతే దాన్ని రద్దు చేయమని కోరవలసిందీ హైదరాబాదులోనే. అందుకు గడువు మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు, అంతకు మించి ఒక్కరోజు కూడా ఇవ్వరు. ప్రతి వాయిదాకూ రాత్రంతా విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం, అక్కడి వకీలు ఫీజు, ఆ రోజుల్లో దుకాణం చూసే మనిషి జీతం నా మీదే పడతాయి. మధ్యవర్తి ఫీజు వేరు: చట్టం నాలుగో షెడ్యూలు నమూనా ప్రకారం చూసినా, 9 లక్షల వివాదానికి ఏకైక మధ్యవర్తి ఫీజు 73,750 రూపాయలు అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. వివాదం ఫలితంతో సంబంధమున్న పక్షం ఏకైక మధ్యవర్తిని తానే నియమించడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే వివాదం తలెత్తాక మనం రాతపూర్వకంగా ఒప్పుకుంటే, సెక్షన్ 12(5) ఇచ్చే ఆ రక్షణను మనమే వదులుకున్నట్టవుతుంది. సంస్థవారు తమ మధ్యవర్తి పేరుతో పాటు ‘ఈ నియామకంపై మాకు అభ్యంతరం లేదు’ అన్న ఒక పేజీ కాగితం పంపి, మూడు రోజుల్లో సంతకం చేసి పంపమన్నారు. అది మామూలు రసీదనుకుని పెన్ను కూడా తీశాను. మా వకీలుగారు ఫోనులో ఆపారు.

డబ్బు కట్టకముందే అడగండి: స్థానం బరంపురమో, కనీసం భువనేశ్వరో కావాలని, మధ్యవర్తిని ఇద్దరూ కలిసే ఎంచుకోవాలని. వారు మాటతో ఒప్పుకుంటే చాలదు, ఒప్పందంలో రాయించండి. ఇప్పటికే సంతకం చేసినవారికి అలాంటి అభ్యంతరం లేదన్న కాగితం వస్తే, వకీలుకు చూపించేదాకా దాని మీద సంతకం పెట్టకండి.