పాత పికప్ కొనేవారికి హెచ్చరిక: బానెట్ వేడిగా ఉంటే బేరం ఆపండి

బెజవాడ శివారులో పాత పికప్‌లను వరుసగా నిలబెట్టి అమ్మే ఆ యార్డు గురించి ఈ చుట్టుపక్కల లోడు బండ్లు నడిపేవారికి వేరే చెప్పనక్కరలేదు. పేరు రాయను, రాయకపోయినా ఎవరి సంగతో మీకు తెలుస్తుంది. తెనాలి నిమ్మకాయల యార్డు నుంచి సరుకు తోలుకోవడానికి అక్కడ 2018 నాటి బీఎస్-4 (అప్పటి కాలుష్య ప్రమాణం) బొలెరో పికప్ ఒకటి ఐదు లక్షలకు కాస్త తక్కువలో కొన్నాను. ఇప్పుడది ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు ఇంజన్ హెడ్డు దించుకుని కూర్చుంది. ఇందులో బండిని తయారుచేసిన వారి తప్పేమీ లేదు. అరిగిపోయిన ఇంజన్‌ను ఆరోగ్యంగా చూపించిన ఆ పనితనం గురించే ఇదంతా రాస్తున్నాను.

బేరానికి మేము వెళ్లేసరికి ఇంజన్ నడుస్తూనే ఉంది. "మీరు వస్తున్నారని బయటికి తీసి ఉంచాను బాబాయ్" అన్నాడు యార్డాయన. ఆ మర్యాదకు మురిసిపోయాను. మీటరు 80 వేల కిలోమీటర్లు చూపిస్తుంటే, క్లచ్ పెడల్ రబ్బరు అరిగి కింద ఇనుము కనిపిస్తోంది. ఆ రెండింటికీ పొత్తు కుదరదని గ్రహించడానికి పెద్ద చదువులు అక్కరలేదు, కానీ నా చూపంతా కొత్త సీటు కవర్ల మీదే ఉంది.

నూనె మార్పించడానికి షెడ్డుకు తీసుకువెళ్లిన రోజున అసలు సంగతి బయటపడింది. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి పొద్దున్నే కింది బోల్టు విప్పితే, ధారగా దిగవలసిన నూనె బెల్లం పాకంలా సాగుతూ పడింది. మెకానిక్ దాన్ని వేళ్ల మధ్య రుద్ది, ఆ గంధకపు ఘాటు వాసన చూసి, గేర్ బాక్సులో పోసే 90 నంబరు నూనె కలిపారని తేల్చాడు. క్రాంక్ షాఫ్ట్ బేరింగులు అరిగి సందు పెరిగినప్పుడు మామూలు నూనె అక్కడ నిలవదు, నూనె ఒత్తిడి పడిపోతుంది, కింది నుంచి టకటకమనే శబ్దం మొదలవుతుంది. చిక్కటి నూనె పోస్తే ఆ శబ్దం కొంతకాలం అణుగుతుంది, పిస్టన్ రింగులు దాటి పైకెక్కి కాలిపోయే నూనె కూడా తగ్గుతుంది కాబట్టి సైలెన్సర్ నుంచి నీలి పొగ అంతగా కనిపించదు. అయితే చల్లటి ఇంజన్‌లో అంత చిక్కటి నూనె పైదాకా ఎక్కడానికి సమయం పడుతుంది, స్టార్టర్ బరువుగా తిరుగుతుంది, మొదటి నిమిషంలోనే ఇంజన్ తన బాధంతా చెప్పేస్తుంది. కొనేవాడు గేటు దాటేలోపే బండిని వేడెక్కించి ఉంచడం అందుకే. ఇంత శ్రద్ధను మర్యాద అనుకున్నాను.

ఇలాంటి ఇంజన్లకు మామూలుగా వాడే 15డబ్ల్యూ40 నూనె పోసి స్టార్ట్ చేసి, పైన ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నుకొచ్చింది. సిలిండర్‌లో నిలవవలసిన ఒత్తిడి రింగులు దాటి కిందికి దిగిపోతోందన్నమాట; షెడ్లలో దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. "బోరుకొచ్చిందండీ" అన్నాడు మెకానిక్, అంటే ఇంజన్ లోపలంతా విప్పి మళ్లీ కట్టించాలని. పిస్టన్లు, రింగులు, స్లీవులు, బేరింగులు, హెడ్డు పని, కూలీ కలిపి ఆయన వేసిన లెక్క లక్షకు దగ్గరగా ఉంది. ఇంజెక్టర్లు పరీక్షిస్తే తేలే ఖర్చు వేరే.

డబ్బు మొత్తం వెనక్కి ఇమ్మని కాదు, ఖర్చులో సగం భరించమని అడగడానికే యార్డుకు వెళ్లాను. గేటు దగ్గర ఒక తెల్ల పికప్ నడుస్తోంది. పక్కన కుర్రవాడొకడు గరాటు తుడుచుకుంటున్నాడు. అప్పుడే ఒక భార్యాభర్తలు ఆటో దిగారు. యార్డాయన ఎదురువెళ్లి "మీరు వస్తున్నారని బయటికి తీసి ఉంచాను బాబాయ్" అన్నాడు. నాతో అన్నదాంట్లో ఒక్క అక్షరం మారలేదు, ఆ నవ్వు కూడా మారలేదు. నేను ముందుకు వెళ్లి నా బండి సంగతి చెప్పబోతే, "పాత బండికి గ్యారంటీ ఎవరిస్తారు పెద్దాయనా? చూసుకునే కదా కొన్నారు? నడపడం చేతకాక ఇంజన్ పాడు చేసుకుని నా మీదికొస్తే ఎలా?" అని, కుర్రవాడి వైపు తిరిగి, "ఈయనకు కుర్చీ వేసి మంచినీళ్లివ్వరా" అన్నాడు. మంచినీళ్లు ఇచ్చారు. ఆ విషయంలో వారిని తప్పుపట్టలేను. గ్లాసు చేతిలో ఉండగానే, టైర్లను కాలితో తన్ని చూస్తున్న ఆ భర్తతో "ముందు నూనె చూడండి" అని గట్టిగా అన్నాను. వెంటనే యార్డాయన, "పట్టించుకోకండి బాబాయ్, మాకు బాకీ ఉన్నాడు, ఆ గొడవ" అని నవ్వేశాడు. దాదాపు ఐదు లక్షలు రొక్కంగా లెక్కపెట్టి ఇచ్చిన నన్ను ముక్కూముఖం తెలియని ఇద్దరి ముందు అప్పు ఎగ్గొట్టినవాడిగా నిలబెట్టాడు. వాళ్లు నా వైపు చూసిన ఆ చూపు ముందు ఇంజన్ ఖర్చు చిన్నదనిపించింది.

మిగిలినవి త్వరగా చెబుతాను. వెనక కమాను కట్టల బ్రాకెట్ దగ్గర ఛాసిస్‌కు వెల్డింగ్ చేసి నల్లరంగు పూశారు. మోతాదు మించి బరువు మోసిన బండి అని మెకానిక్ అభిప్రాయం. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ హైపోథికేషన్, అంటే బండి అప్పు కింద తాకట్టులో ఉందన్న నమోదు, అలాగే ఉంది. దాన్ని తీయించే ఫారం 35, కంపెనీ ఇచ్చే నిరభ్యంతర పత్రం "వారంలో వస్తాయి" అన్నాడు యార్డాయన. ఆ వారం ఇంకా రాలేదు. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం పాత బండ్లు కొని అమ్మే డీలరుకు రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. అది చూపించమంటే గోడ మీది దేవుడి పటం చూపించాడు. స్వయం ఉపాధి కోసం సొంతంగా వాడుకునే వస్తువును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనంగా లెక్కించదు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాస్తున్నాను. పాత నూనెను సీసాలో భద్రపరిచాను. నా చేతిలో ఉన్న రసీదు మాత్రం "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసిన తెల్లకాగితం.

వెళ్లేవారు చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి, వేడిగా ఉంటే మరునాడు వస్తామని చెప్పి తిరిగి వచ్చేయండి. చల్లటి ఇంజన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత తీసి చూడండి. బండి నంబరుతో రవాణా శాఖ వెబ్‌సైటు వాహన్‌లో ఫిట్‌నెస్, బీమా, హైపోథికేషన్ వివరాలు చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి కాబట్టి ఆ ఖర్చూ బేరంలో లెక్కవేసుకోండి. బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 సంతకాలతో పాటు ఫారం 35 చేతికి వచ్చేదాకా చివరి వాయిదా ఇవ్వకండి. నీలం టార్పాలిన్ కట్టిన ఆ తెల్ల పికప్ నిన్నటికి ఇంకా అమ్ముడుపోలేదని విన్నాను. దాని బేరానికి వెళ్తున్నవారు ఎవరైనా ఉంటే ముందు నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి.