ఉద్యోగ ప్రయాణాల మధ్య స్పానిష్: ‘లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్’ ఉచిత ఆడియో కోర్సు ఎంతవరకు పనికొస్తుంది?

నెలలో సగం రోజులు ఊరి బయటే ఉండే ఉద్యోగికి స్పానిష్ క్లాసు కుదరదు. క్లాసు మంగళవారం సాయంత్రమైతే ఆ పూట విమానంలో ఉంటారు, శనివారమైతే అలసిపోయి పడుకుంటారు. రెండు క్లాసులు పోయాక మూడోదానికి వెళ్లబుద్ధి కాదు. ఇలాంటివాళ్లకు ఎక్కడ ఆపినా అక్కణ్ణుంచే మళ్లీ మొదలుపెట్టగలిగే కోర్సు కావాలి. నెట్ లేకపోయినా నడవాలి, చేతిలో పెట్టె ఉన్నా సాగాలి. ఈ మూడూ ఉన్నవాటిలో ముందుగా పట్టుకోవాల్సింది ‘లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్’ వారి ‘కంప్లీట్ స్పానిష్’. పైసా కట్టక్కర్లేదు.

మిహాలిస్ ఎలెఫ్థెరియూ తయారుచేసిన ఈ కోర్సు విరాళాల మీద నడుస్తోంది. మొత్తం 90 ట్రాకులు, సుమారు 15 గంటలు. సగటున ఒక్కోటి పది నిమిషాలు. బోధన ఇంగ్లీషులో ఉంటుంది. ఎదురుగా ఒక విద్యార్థిని కూర్చోబెట్టుకుని, ‘ఇది స్పానిష్‌లో ఎలా అంటావు?’ అని ఒక్కో వాక్యం కట్టిస్తూ పోతారు. అడిగిన ప్రతిసారీ మీరు పాజ్ నొక్కాలి, జవాబు సొంతంగా కట్టుకోవాలి, పైకి పలకాలి, ఆ తర్వాతే ప్లే నొక్కాలి. కోర్సు ప్రాణమంతా ఆ పాజ్‌లోనే ఉంది.

ఎక్కువమంది దెబ్బతినేదీ అక్కడే. పాజ్ చేయకుండా వింటే విద్యార్థి చెప్పిన జవాబు చెవిన పడుతుంది, ‘ఇది నాకూ తెలిసిందే’ అనిపిస్తుంది. అలా పదిహేను ట్రాకులు సాఫీగా దాటుతాయి. ఆ తర్వాత ఐదు మాటల వాక్యం అడిగితే నోరు పెగలదు. పది నిమిషాల ట్రాకుకు పదిహేను నుంచి ఇరవై నిమిషాలు పడుతుంటే సరిగ్గా చేస్తున్నట్టు. పది నిమిషాల్లోనే అయిపోతే రేడియో విన్నట్టే. నోట్సు రాసుకోవద్దని, బట్టీ పట్టొద్దని ఆయన మొదట్లోనే చెబుతారు. ఆ మాట పాటించండి. రాసుకున్నది కాగితం మీద ఉందన్న ధీమాతో మనసు దాన్ని వెతికి తెచ్చుకునే పని మానేస్తుంది.

మొదటి ట్రాకుల్లోనే ఇంగ్లీషు నుంచి వేల మాటలు తెచ్చుకునే కిటుకు నేర్పుతారు. నార్మల్, లీగల్ లాంటివి నొర్మాల్, లెగాల్ అవుతాయి. ఇన్ఫర్మేషన్ ‘ఇన్‌ఫొర్మస్యోన్’ అవుతుంది, దాని తోక తీసేస్తే ‘ఇన్‌ఫొర్మార్’ అనే క్రియ దొరుకుతుంది. ప్రిపరేషన్ నుంచి ‘ప్రెపరార్’, రిజర్వేషన్ నుంచి ‘రెసెర్బార్’. ఆఫీసు ఇంగ్లీషు వచ్చినవాళ్లకు ఇది పెద్ద పెట్టుబడే. కానీ గుడ్డిగా వాడకూడదు. ఎక్స్‌ప్లనేషన్ ‘ఎక్స్‌ప్లికస్యోన్’ అవుతుంది, ట్రాన్స్‌లేషన్‌కు ‘త్రదుక్స్యోన్’ అని వేరే మాట ఉంది. మీటింగుల్లో ఇరుకున పెట్టేవి మరికొన్ని ఉన్నాయి: ‘అక్త్వల్‌మేంతె’ అంటే ప్రస్తుతం, ‘అసిస్తీర్’ అంటే హాజరవడం, ‘కొంప్రొమీసొ’ అంటే ఇచ్చిన మాట. ఇంగ్లీషు పోలిక చూసి ‘రాజీ’ అనుకుని ఆ చివరిది వాడితే, ఒప్పుకోని షరతుకు ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇక్కడ నేను నొక్కు పడే అచ్చుకు వీలైనంతవరకు దీర్ఘం పెట్టి రాస్తున్నాను. తెలుగు చెవికి అది దగ్గరి దారి. స్పానిష్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా లేదు గానీ నొక్కు మారితే అర్థం మారుతుంది. ‘పాగొ’ అంటే చెల్లిస్తాను, ‘పగో’ అంటే ఆయన చెల్లించాడు. బిల్లు బల్ల మీద ఉన్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు. ఉచ్చారణలో మనకున్న సౌలభ్యం ఈ కోర్సు చెప్పదు, ఎందుకంటే అది ఇంగ్లీషువాళ్లను ఉద్దేశించి చేసినది. స్పానిష్ త, ద మన త, దలే. మనం ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు వాడే ట, డలు ఇక్కడికి తీసుకురావద్దు. ప, త, కలను గాలి ఊదకుండా పలకడం ఇంగ్లీషువాళ్లకు కష్టం, మనకు పుట్టుకతో వచ్చింది. ‘కానీ’ అనే అర్థమిచ్చే ‘పేరొ’లో రకారం మనదే. కుక్కను సూచించే ‘పేర్రొ’లోది మాత్రం నాలుక కొన రెండు మూడుసార్లు కొట్టుకునేలా పలకాలి. మాట మొదట్లో వచ్చే రకారం కూడా అంతే.

వ్యాకరణం దగ్గర తెలుగు ఇంకా ఎక్కువ సాయం చేస్తుంది. ‘నాకు ఇష్టం’ అనే పద్ధతిని ఇంగ్లీషు విద్యార్థికి అర్థం చేయించడానికి ఎవరైనా కష్టపడాల్సిందే, వాళ్ల భాషలో ఇష్టపడే మనిషే కర్త కనుక. మనకు ఆ బాధ లేదు. ‘మె గుస్తో ఎల్ కఫే’ అంటే నాకు కాఫీ నచ్చింది. ‘మె గుస్తారొన్ లొస్ మాంగొస్’ అంటే నాకు మామిడిపళ్లు నచ్చాయి. నచ్చిన వస్తువు బహువచనమైతే క్రియ కూడా బహువచనమవడం రెండు భాషల్లోనూ అచ్చంగా ఒకటే. అలాగే ‘బేంగొ’ అంటే వస్తున్నాను. ఎవరన్నది క్రియ చివరే తెలుస్తుంది, ‘నేను’ పెట్టక్కర్లేదు. ప్రతి వాక్యానికీ ‘యొ’ తగిలిస్తున్నారంటే ఇంగ్లీషులో ఆలోచిస్తున్నారన్నమాట. ‘తు’, ‘ఉస్తేద్’ మన నువ్వు, మీరు లాంటివే. క్లయింటుతో, హోటల్ రిసెప్షన్‌లో ‘ఉస్తేద్’తో మొదలుపెట్టి, వాళ్లు చనువిస్తేనే మారండి.

అందరినీ తికమకపెట్టే ‘సేర్’, ‘ఎస్తార్’ క్రియలకూ ఇంగ్లీషు వ్యాఖ్యానం కన్నా మన వాక్యమే మంచి దారి. తెలుగులో క్రియ లేకుండా తేలిపోయే చోట చాలావరకు ‘సేర్’ వస్తుంది: నేను ఇంజినీరుని, హోటల్ పెద్దది. ‘ఉన్నాను, ఉంది’ అనే చోట ‘ఎస్తార్’ వస్తుంది: హోటల్లో ఉన్నాను, కాఫీ చల్లగా ఉంది. ‘ఆమె పొడుగ్గా ఉంటుంది’లోని ‘ఉంటుంది’ మళ్లీ ‘సేర్’ వైపు. ఈ సూత్రానికి మూడు చోట్ల చిల్లు పడుతుంది, అవి ముందే తెలిస్తే మంచిది. ‘ఇక్కడ వైఫై ఉందా?’ అని ఉనికి అడిగితే ‘ఆయ్’ వాడాలి. ‘నాకు కారు ఉంది’ అంటే ‘తేంగొ’. ‘మీటింగు మూడో గదిలో ఉంది’ అన్నప్పుడు మన ‘ఉంది’ని నమ్మితే తప్పు. కార్యక్రమం జరిగే చోటుకు ‘సేర్’ రూపమైన ‘ఎస్’ రావాలి.

తెలుగు అసలు అక్కరకు రానిది వస్తువుల లింగం. బల్లకు, కుర్చీకి ఆడ మగ తేడా మనకు లేదు. హైదరాబాదులో ఉర్దూ, హిందీ వచ్చినవాళ్లకు ఆ ఆలోచన కొత్త కాదు గానీ, అక్కడి లింగం ఇక్కడ పనిచేయదు. కితాబ్ అక్కడ స్త్రీలింగం, ‘లీబ్రొ’ ఇక్కడ పుంలింగం. ప్రతి నామవాచకాన్నీ ముందున్న ‘ఎల్’ (పుంలింగం), ‘ల’ (స్త్రీలింగం)తో కలిపి ఒకే మాటగా నోటికి ఎక్కించుకోవడం తప్ప దగ్గరి దారి లేదు. ‘ఒ’తో ముగిస్తే పుంలింగం, ‘అ’తో ముగిస్తే స్త్రీలింగం అనే మామూలు పద్ధతికి ‘ఎల్ ప్రొబ్లేమ’, ‘ల మానొ’ లాంటి ఎదురు తిరిగేవి తొలినాళ్లలోనే పట్టుకోండి.

ప్రయాణం విషయానికొస్తే, యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఎయిర్‌పోర్టు వైఫైని నమ్మక, ఇంట్లోనే ఓ ఇరవై ట్రాకులు దించుకోండి. విమానంలో కొత్త ట్రాకు మొదలుపెట్టడం దండగ. ఇంజిను హోరులో చివరి అచ్చులు వినపడవు, పక్కన మనిషి ఉండగా పైకి పలకలేరు. అక్కడ పాత ట్రాకులు పెట్టుకుని పెదవులు మాత్రం కదపండి. కొత్తవి హోటల్ గదిలోనో, నడకలోనో, క్యాబ్ వెనక సీట్లోనో చేయండి. కారు మీరే నడుపుతుంటే మాత్రం వద్దు, పాజ్ కోసం చెయ్యి ఊరికే ఫోను మీదికి పోతుంది. ఇయర్‌ఫోన్ బటన్ ఒక్క నొక్కుతో పాజ్ అయ్యేలా ముందే చూసుకుంటే సగం చికాకు తగ్గుతుంది. రోజుకు మూడు కొత్త ట్రాకులు మించొద్దు. పది రోజులు విరామం వస్తే మొదటికి పోవద్దు, ఆగిన చోటు నుంచి ఐదు ట్రాకులు వెనక్కి వెళ్లి అందుకోండి. మళ్లీ ఒకటో ట్రాకు నుంచి మొదలుపెట్టేవాళ్లే మొదటి ఇరవైలో ఏళ్లతరబడి ఉండిపోతారు.

నేర్చుకున్నది జారిపోకుండా ‘అంకీ’ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ కలుపుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ‘అంకీడ్రాయిడ్’ ఉచితం, కంప్యూటర్‌లోనూ ఉచితమే. ఐఫోన్ యాప్‌కు ఒకసారి 24.99 డాలర్లు కట్టాలి. కార్డు ముందువైపు ఇంగ్లీషు కాక తెలుగు వాక్యం రాయండి: ‘నాకు ఆ గది నచ్చలేదు’. వెనకవైపు స్పానిష్. విడి మాటలతో కార్డులు చేయొద్దు. యాప్ తనంతట తాను రోజుకు 20 కొత్త కార్డులు ఇస్తుంది, దాన్ని 5కు తగ్గించండి. ఎందుకంటే ప్రతి కొత్త కార్డూ మళ్లీ మళ్లీ రివ్యూకు వస్తుంది. రోజుకు 20 చొప్పున పోతే కొన్ని వారాల్లోనే రోజువారీ రివ్యూలు 150, 200కు చేరతాయి. ఒక వారం టూరు పడితే ఆ గుట్టను చూసి యాప్ తీసేయడమే మిగులుతుంది. ఇప్పటికే గుట్ట పేరుకుని ఉంటే కొత్త కార్డులు సున్నా చేసి, రివ్యూల పరిమితి రోజుకు 50 పెట్టి నెమ్మదిగా కరిగించండి. ఇంకో సంగతి: వేరే దేశంలో దిగాక గడియారాన్ని చేత్తో తిప్పకండి, టైమ్‌జోన్ మాత్రమే మార్చండి. అసలు సమయానికి ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే అంకీ సింక్ ఒప్పుకోదు.

ఈ కోర్సులో లోటు లేదా అంటే ఉంది, చిన్నది కూడా కాదు. గురువు, విద్యార్థి ఇద్దరిదీ మాతృభాష స్పానిష్ కాదు, వేగమూ తక్కువ. 90 ట్రాకులు పూర్తిచేసినవాళ్లు భూతకాలాలు, సబ్జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం) దాకా వాక్యాలు కట్టగలరు, కానీ మెక్సికో సిటీ టాక్సీ డ్రైవరు మాట మొదటిసారి వింటే సగం అర్థం కాదు. అందుకే ముప్పయ్యో ట్రాకు దాటగానే వినికిడికి విడిగా సమయం కేటాయించాలి. ‘డ్రీమింగ్ స్పానిష్’ వీడియోలు దీనికి బాగా పనికొస్తాయి. ‘సూపర్ బిగినర్’ స్థాయిలో బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ పూర్తిగా స్పానిష్‌లోనే మాట్లాడతారు. యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నవే చాలా నెలలు సరిపోతాయి. హోటల్లో రోజుకు ఇరవై నిమిషాలు, సబ్‌టైటిల్స్ లేకుండా చూడండి.

రెండో లోటు పదజాలం. అంకెలు నోటికి వచ్చేంత సాధన ఇందులో దొరకదు. ఫోను నంబర్లు, రేట్లు, ఫ్లైటు సమయాలు చూసిన వెంటనే స్పానిష్‌లో చదవడం అలవాటు చేసుకోండి. ఖర్చుల లెక్కకు ‘మె ద ఎల్ రెసీబొ, పొర్ ఫబోర్’ అని రశీదు అడగడం రావాలి. శాకాహారులకు ఇంకో హెచ్చరిక: ‘సిన్ కార్నె’ అంటే చాలాచోట్ల గొడ్డు మాంసం, పంది మాంసం లేకుండా అని మాత్రమే అర్థం చేసుకుని చికెనో చేపో పెడతారు. ‘సిన్ పోయొ, సిన్ పెస్కాదొ, సిన్ హమోన్’ (చికెన్, చేప, హామ్ లేకుండా) అని ఒక్కోటీ చెప్పాలి. మెక్సికోలో చిక్కుడుగింజల కూరలో ‘మంతేక’ ఉందా అని అడగండి. అక్కడ, స్పెయిన్‌లో అది పంది కొవ్వు. అర్జెంటీనాలో అదే మాటకు వెన్న అని అర్థం.

ఏ దేశపు స్పానిష్ అన్నది పనిని బట్టి నిర్ణయించుకోవాలి. హైదరాబాదు ఫార్మావాళ్లకు మెక్సికో దారి పాతదే. డాక్టర్ రెడ్డీస్ 2005లో స్విస్ మందుల కంపెనీ రోష్ నుంచి కొన్న ప్లాంటు కువెర్నవాకా దగ్గర ఉంది. అటు వెళ్లేవాళ్లు థాంక్స్‌కు గ్రాస్యస్ అంటే చాలు, స్పెయిన్‌లో ఎక్కువచోట్ల అది గ్రాథ్యస్ అని వినపడుతుంది. స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి మామూలుగా వాడే ‘కొహేర్’ మెక్సికోలో, అర్జెంటీనాలో బూతు. ‘తొమార్’ వాడితే ఎక్కడా చిక్కు లేదు.

డబ్బు పెట్టగలిగితే ‘పిమ్స్‌లర్’ అనే ఆడియో కోర్సు ఉంది. అరగంట పాఠాలు, లాటిన్ అమెరికా స్పానిష్‌కు ఐదు స్థాయిలు, స్థాయికి 30 పాఠాలు, నెలకు సుమారు 20 డాలర్లు. గొంతులు మాతృభాషవాళ్లవి, జవాబుకు ఖాళీ అదే ఇస్తుంది కాబట్టి పాజ్ నొక్కక్కర్లేదు. నడుస్తూ చేయడానికి దాన్ని మించింది లేదు. కానీ ఎందుకు అలా అంటారో వివరించడం తక్కువ, మందకొడిగా సాగుతుంది. మొదట లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ పూర్తిచేసి, ఉచ్చారణ కోసం పిమ్స్‌లర్ రెండో స్థాయి నుంచి పట్టుకుంటే డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుంది. డ్యుయోలింగో లైనులో నిలబడ్డప్పుడు ఐదు నిమిషాలకు సరే. అందులో ఎక్కువగా ఎదురుగా ఉన్న జవాబును గుర్తుపడతారు, సొంతంగా వాక్యం కట్టే పని తక్కువ.

అరవయ్యో ట్రాకు ప్రాంతంలో మనిషితో మాట్లాడటం మొదలుపెట్టండి. ఆన్‌లైన్‌లో భాష నేర్పేవాళ్లు దొరికే ‘ఐటాకీ’ సైటులో కమ్యూనిటీ ట్యూటర్లు ప్రొఫెషనల్ టీచర్ల కన్నా చవక, అరగంట క్లాసు చాలు. మనకు ఉదయం 6.30 అయితే మెక్సికో సిటీలో ముందురోజు రాత్రి 7, బొగోటాలో రాత్రి 8. ఇద్దరికీ కుదిరే వేళ. స్పెయిన్ మనకన్నా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక, కాబట్టి అక్కడివాళ్లతో మన రాత్రి 9 బాగుంటుంది. టూరు తేదీలు ఖాయమయ్యాకే బుక్ చేయండి, దిగిన ఊరి టైమ్‌జోన్ ఖాతాలో మారిందో లేదో చూసుకోండి. మార్చుకోవాలంటే 24 గంటల ముందే చెప్పాలి, ఆ గడువు దాటితే టీచరు ఒప్పుకుంటేనే క్లాసు మారుతుంది.