వారానికి మూడుసార్లు నెల్లూరా, ఇంట్లోనే సాధనా?

మా చెల్లెలి కొడుక్కి రెండున్నరేళ్లు నిండినా మాటలు రాలేదు. వాళ్లుండేది బిట్రగుంటలో. మరిదికి రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా పని. మాటల శిక్షణ (స్పీచ్ థెరపీ) కోసం బాబును వారానికి మూడుసార్లు నెల్లూరు తీసుకెళ్లాలా, ఇంట్లోనే నేర్పించుకోవాలా అని ఇంటిల్లిపాదీ వాదించుకున్నాం. రెండూ చూశాక, పెద్దమ్మగా నా లెక్క ఇది.

ఒక విషయంలో వాదనే అక్కర్లేదు. మాట రాని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష జరగాలి. ఇంట్లో పళ్లెం మోగించి తేల్చుకునే సంగతి కాదది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందం, అనుమానం ఉంటే పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతుంది. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే పిల్లలకైతే, ఫిజియోథెరపిస్టు చూపించకుండా ఇంట్లో వ్యాయామాలు మొదలుపెట్టనే కూడదు.

ఇక రోజువారీ శిక్షణ. నెల్లూరులో ఒక్కో తరగతి ముప్పావు గంట, వారానికి మూడు, అంటే రెండుంపావు గంటలు. బాబు రోజుకు 12 గంటలు మేలుకుని ఉంటాడనుకున్నా వారానికి 84 గంటలు. ఆ రెండుంపావు గంటల కోసం మూడు పూటలు ప్రయాణానికే పోయేవి. పైగా మొదట వెళ్లినచోట తల్లిని గది బయటే కూర్చోబెట్టేవారు. లోపల ఏం నేర్పారో మాకు తెలియదు. ఇంటికొస్తే మళ్లీ మామూలే: వాడు నోరు తెరవకముందే నాయనమ్మ నీళ్ల గ్లాసు అందించేది. ఇక వాడికి మాటతో పనేముంది?

రెండోచోట తల్లిని లోపలికి రమ్మన్నారు. దోసె మొత్తం కంచంలో వేయకుండా ఒక్కో ముక్క తుంచి పెట్టి, ఇంకా కావాలని వాడు ఏదో విధంగా అడిగేదాకా ఆగమన్నారు. నాయనమ్మకు అది పసివాణ్ణి ఏడిపించడంలా కనిపించింది. ఆమెను ఒప్పించడానికి పట్టినంత కాలం బాబుకు ‘ఇవ్వు’ రావడానికి పట్టలేదు! మరిది పొద్దున్నే వచ్చి స్నానం చేయిస్తూ చెంబు, సబ్బు, తువ్వాలు అని ప్రతిదానికీ పేరు చెప్పేవాడు.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, పోర్టేజ్ అనే ఊళ్లో 1969లో మొదలైంది. టీచరు వారానికోసారి ఇంటికే వచ్చి, ఆ వారం ఏం చేయించాలో తల్లిదండ్రులకు చూపించి వెళ్లేది. కుటుంబం పాలుపంచుకోకపోతే శిక్షణ ఆగాక ఫలితమూ కరిగిపోతుందని యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ అనే మనస్తత్వవేత్త 1974లోనే రాశాడు.

అయితే భారమంతా తల్లి మీదే పడే ప్రమాదం ఇంటి పద్ధతిలో ఉంది. ‘ఇంకా మాటలు రాలేదా, నువ్వు సరిగా నేర్పడం లేదేమో’ అన్న చుట్టాలున్నారు. పని పంచుకునే మనిషి లేని ఇంటికి నేను నెల్లూరే మేలంటాను, లేదా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం మండలంలో నడిపే భవిత కేంద్రం.

మావాళ్లకు కుదిరింది ఇదీ: పదిహేను రోజులకోసారి నెల్లూరు, మిగతా రోజులు ఇల్లు. మూడేళ్లు నిండాక అంగన్‌వాడీ. కోడిగుడ్డు ఒలిచి ఇవ్వవద్దని అక్కడి ఆయమ్మకు చెప్పి వచ్చాం. వాడే ఒలుచుకుంటున్నాడు, సగం పెంకుతో సహా తినేస్తున్నాడు.